పని పెరిగింది, జీతమూ పెరిగింది, అయినా ఇద్దరికీ అసంతృప్తే: పనావిడతో ఈ మాట ఎలా మొదలుపెట్టాలి?

పటమట కోడలు
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడ విషయంలో మీ సలహా కోరుతున్నాను. మాది విజయవాడ. ఆవిడ సింగ్‌నగర్ నుంచి వస్తారు, వయసు నలభై దాటి ఉంటుంది, నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను పాపా అంటారు. 2019లో కుదుర్చుకున్నప్పుడు ఇంట్లో నేనూ మావారూ మాత్రమే ఉండేవాళ్ళం కాబట్టి, అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టడానికి నెలకు 2,500 రూపాయలు అనుకున్నాం. ఆ తరువాత మాకు పాప పుట్టింది, రెండేళ్ళ క్రితం అత్తయ్యగారూ మామయ్యగారూ తెనాలిలో ఇల్లు అద్దెకిచ్చి మా దగ్గరకే వచ్చేశారు. జీతం రెండుసార్లు పెంచి ఇప్పుడు 3,500 ఇస్తున్నాం.

ఏడాదిగా గిన్నెల అడుగున జిడ్డు పోవడం లేదు, మంచాల కింద చీపురు పోవడం లేదు, నెలకు నాలుగైదు నాగాలు ఉంటున్నాయి, వాటిలో సగానికి ముందుగా ఫోను కూడా ఉండదు. ఏదైనా అంటే ఆవిడ ఎదురు చెప్పరు. కాకపోతే ఆ తరువాత గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడవుతాయి. మనిషిని మార్చెయ్యమని అత్తయ్యగారు అంటున్నారు. పాపకు ఆవిడ దగ్గర చనువు ఎక్కువ, నాకూ ఆవిడను వదులుకోవాలని లేదు. అలాగని రోజూ నోరు మూసుకుని కూర్చోవడమూ నా వల్ల కావడం లేదు.

భవానీపురం బాబాయి
అమ్మాయీ, మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. మా ఇంట్లో మొదటి రోజే చెప్పేస్తాను: నెలకు రెండు నాగాలు మాఫీ, మూడో దాని నుంచి రోజుకింత అని కోత. ఇంతకు ముందున్నామె కూతురి పెళ్ళికని 15,000 అడ్వాన్సు తీసుకుని, మూడు నెలలు పనిచేసి, ఒక సోమవారం నుంచి రావడం మానేసింది. అప్పటి నుంచి అడ్వాన్సు అనే మాట మా గుమ్మం తొక్కలేదు. మీరు కొత్త మనిషిని ఇప్పుడే చూసి పెట్టుకుని, ఆ తరువాతే పాత మనిషితో మాట్లాడండి. చేతిలో మరొకరు లేకుండా మాట్లాడితే మీ గొంతులోనే భయం వినిపిస్తుంది.

లబ్బీపేట 204
బాబాయిగారు చెప్పిన పద్ధతి కొత్తగా కుదుర్చుకునే వారికి పనికిరావచ్చు గాని, ఆరేళ్ళుగా వస్తున్న మనిషి దగ్గర మొదటి రోజు నిబంధనలు పెట్టడం కుదరదు. నేనొక చిన్న పని చెబుతాను, చేసి చూడండి. ఒక వారం రోజుల పాటు ఆవిడను ఏమీ అనకుండా, ఆవిడ ఎన్ని గంటలకు లోపలికి వచ్చారో, ఎన్ని గంటలకు బయటికి వెళ్ళారో, మధ్యలో ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మా అపార్టుమెంటులో అందరం పనిని పేర్లతో కుదుర్చుకుంటాం: అంట్లకు ఇంత, తుడవడానికి ఇంత, బట్టలకు ఇంత. అంట్లు అనేది ఒకే మాట, కానీ ఇద్దరున్న ఇంటి అంట్లు వేరు, ఐదుగురున్న ఇంటి అంట్లు వేరు. పేరు మారకపోవడం వల్ల పని పెరిగిన సంగతి చేయించుకునేవారి కంటికి ఆనదు.

బ్రాడీపేట మాస్టారు
204 గారి మాటతో ఏకీభవిస్తున్నాను. దానితోపాటు నాగాల కారణాలు కూడా రాసుకోమని నా మనవి. గుంటూరులో మాకు ఇది అనుభవపూర్వకంగా తెలిసింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టుపక్కల ఊళ్ళలో మిరప కోతలు, ఆ తరువాత గోదాముల దగ్గర తొడిమలు తీసే పని ఉంటాయి. ఆ రోజుల్లో దొరికే కూలి మా ఇళ్ళలో దొరికే జీతం కన్నా మెరుగు. నల్లపాడు వైపు నుంచి వచ్చే మా పనావిడ ప్రతి ఏటా ఆ రోజుల్లో ఏదో ఒక సాకు చెప్పి మాయమయ్యేది, మేము ప్రతి ఏటా కోపగించుకునేవాళ్ళం. నాలుగేళ్ళ క్రితం మా ఆవిడే, “సీజనుకు పోతావని మాకు తెలుసు, పో, కాకపోతే నీ ఆడపడుచును పెట్టి వెళ్ళు” అని నేరుగా చెప్పింది. ఆ రెండు నెలల జీతం ఆ ఆడపడుచుకే ఇస్తాం. అబద్ధం చెప్పాల్సిన అవసరం పోయాక ఆమె మామూలు నాగాలు కూడా తగ్గాయి.

ఇంకొక సంగతి. మా పనావిడకు వితంతు పింఛను 4,000 వస్తుంది, దానిని ఒకటో తేదీ ఉదయం వార్డు సచివాలయం వారు ఇంటికి తెచ్చి ఇస్తారు. ఆ పూట ఆమె ఇంటి దగ్గర లేకపోతే మళ్ళీ తిరగాలి. ఒకటో తేదీ పొద్దున రాకపోవడాన్ని మేము నాగాగా లెక్కపెట్టడం మానేశాం.

పటమట కోడలు
204 గారూ, మీరు చెప్పినట్టే వారం రోజులు రాశాను. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను కాబట్టి వీలైంది. ఫలితం చూశాక నాకు కాస్త సిగ్గుగా ఉంది, అయినా దాచకుండా ఇక్కడ పెడుతున్నాను.

2019లో ఆవిడ ఏడింటికి వచ్చి ఎనిమిదింబావుకు వెళ్ళిపోయేవారు. అప్పట్లో నేను ఆఫీసుకు బయలుదేరే వేళ అదే కాబట్టి బాగా గుర్తు. అంటే గంటంబావు. ఇప్పుడు ఏడింటికి వచ్చి సగటున 9 గంటల 20 నిమిషాలకు వెళుతున్నారు, అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. నాగాలు పక్కన పెట్టి 30 రోజులకు లెక్క వేస్తే, అప్పుడు నెలకు 37 గంటల 30 నిమిషాలు, ఇప్పుడు 70 గంటలు. 2,500 రూపాయలను అప్పటి గంటలతో భాగిస్తే గంటకు దాదాపు 67 రూపాయలు వచ్చింది. 3,500ను ఇప్పటి గంటలతో భాగిస్తే సరిగ్గా 50. రెండుసార్లు జీతం పెంచామని నేను అనుకుంటూ ఉండగా, గంట లెక్కన ఆవిడ జీతం తగ్గిపోయింది. ఈ ఆరేళ్ళలో పెరిగిన బియ్యం, నూనె ధరలు ఇందులో కలపనే లేదు.

పని ఎక్కడ పెరిగిందో కూడా చూశాను. మామయ్యగారికి షుగరు కాబట్టి ఆయన వంట విడిగా ఉంటుంది, ఆ జొన్నరొట్టెల పెనం, చిన్న కుక్కరు రోజూ అదనం. మిక్సీ జార్లు మూడు. రాత్రి గిన్నెలు నానబెట్టకుండా వదిలేస్తున్నాం, తెల్లారేసరికి అన్నం మెతుకులు అతుక్కుపోయి ఉంటాయి. అది పూర్తిగా మా బద్ధకం. పాప చిమ్మిన చోట రెండోసారి తుడవడం, మామయ్యగారి బాత్రూము కడగడం, శుక్రవారం గడప కడిగి పసుపు రాయడం, ఇవేవీ కుదుర్చుకున్న పనులు కావు. ఎప్పుడు మొదలయ్యాయో నాకు గుర్తు కూడా లేదు.

భవానీపురం బాబాయి
లెక్కలు బాగానే ఉన్నాయి గాని, ఆ రెండు గంటల ఇరవై నిమిషాల్లో ఫోను మాట్లాడింది ఎంతసేపో కూడా రాశారా?

పటమట కోడలు
రాశాను బాబాయిగారూ. వారం మొత్తం మీద 25 నిమిషాలు. అదే వారంలో నా ఫోను లెక్క చూసుకుని ఇక ఆ విషయం ఎత్తకూడదని నిర్ణయించుకున్నాను.

కృష్ణలంక కూతురు
ఇక్కడ ఇంతవరకు మాట్లాడిన వారందరూ పని చేయించుకునేవారే కాబట్టి, అటువైపు నుంచి నాలుగు మాటలు రాయాలనిపించింది. మా అమ్మ పద్దెనిమిదేళ్ళు మొగల్రాజపురంలో ఇళ్ళలో పనిచేసింది. నన్నూ తమ్ముణ్ణీ ఆ జీతాలతోనే చదివించింది. ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నాను, మా ఇంట్లోనూ ఒక పనావిడ ఉంది, కాబట్టి రెండు వైపులా నాకు తెలుసు.

పని ఎలా పెరుగుతుందో గుర్తు లేదని పటమట అక్క రాశారు. అది ‘కాస్త’ అనే మాటతో పెరుగుతుంది. కాస్త ఈ రెండు దుప్పట్లు జాడించి పెట్టు, కాస్త బాల్కనీ కూడా తుడిచెయ్, చుట్టాలొచ్చారు కాస్త ఆలస్యమైనా ఉండు. మొదటిసారి కాస్త అన్నది సాయం, నెల తిరిగేసరికి అది అలవాటు, ఆరు నెలలకు చేయకపోతే తప్పు. మా అమ్మ ఏ రోజూ ఒక ఇంట్లో కాదనలేదు. కాదనడానికి బదులు మరో ఇంట్లో పని తొందరగా ముగించేది. మీ గిన్నెల అడుగున మిగిలిన జిడ్డు బహుశా మీ ఇంటి బద్ధకమూ కాదు, ఆవిడ బద్ధకమూ కాదు. తరువాతి ఇంటికి ఎనిమిదిన్నరకు చేరాల్సిన మనిషి తొమ్మిదింబావుకు కూడా మీ సింకు దగ్గరే ఉండడం. మీ దగ్గర ఆలస్యమైతే తిట్లు పడేది మూడో ఇంట్లోనో నాలుగో ఇంట్లోనో, ఆ సంగతి మీకు తెలిసే అవకాశం లేదు.

మరొకటి రాయడానికి మొహమాటంగా ఉన్నా రాస్తాను. మా అమ్మ పొద్దున ఆరింటికి బయలుదేరి పదకొండింటి దాకా నీళ్ళు తాగేది కాదు, ఎందుకంటే తాగితే బాత్రూముకు వెళ్ళాలి, తాను రోజూ కడిగే బాత్రూమును వాడుకోమని ఏ ఇంట్లోనూ ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. అడగడానికి ఆమెకు నోరు రాలేదు, చెప్పాలని వాళ్ళకు తోచలేదు. అక్కా, మీరు జీతం గురించి మాట్లాడే రోజున ఈ ఒక్క మాట కూడా చెప్పండి.

లబ్బీపేట 204
పై ఉత్తరం చదివి లేచి వెళ్ళి మా పనావిడకు ఆ మాట చెప్పి వచ్చాను. ఆమె, “వాచ్‌మన్ గది దగ్గరకు వెళుతున్నానులే అమ్మా” అంది. నాలుగు అంతస్తులు దిగి.

భవానీపురం బాబాయి
కృష్ణలంక అమ్మాయి రాసింది నిజమే కావచ్చు, కాదనను. అయితే ఈ మధ్య మరో సమస్య వచ్చింది. మా పనామె యనమలకుదురు నుంచి వస్తుంది, బస్సు ఖర్చుకని జీతం కాక నెలకు 600 ఇచ్చేవాళ్ళం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ సిటీ బస్సుల్లో టిక్కెట్టు లేదు కదా, అందుకని ఆ 600 ఆపేశాను. అప్పటి నుంచి ముఖం ముడుచుకుని ఉంటోంది. లేని ఖర్చుకు డబ్బులు ఎందుకు ఇవ్వాలో మీరే చెప్పండి. పైగా మొన్న ఒంట్లో బాగాలేదని తన కూతురిని పంపింది, ఆ పిల్లకు పన్నెండేళ్ళుంటాయి, గిన్నెలు వాళ్ళమ్మ కన్నా శుభ్రంగా తోమింది.

అరండల్‌పేట వకీలు
చివరి విషయానికి ముందుగా సమాధానం చెప్పాలి. బాబాయిగారూ, పద్నాలుగేళ్ళలోపు పిల్లల చేత ఇంటి పని చేయించడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం. 2016లో చేసిన సవరణతో ఆ నిషేధం దాదాపు అన్ని రకాల పనులకూ విస్తరించింది. తల్లి పంపింది, ఒక్క పూటే, పిల్ల ఇష్టపడే చేసింది అన్నవి ఇక్కడ సమాధానాలు కావు. మళ్ళీ వస్తే ఇంటికి పంపించి, ఆ రోజుకు మీ గిన్నెలు మీరే తోముకోండి.

తక్కిన విషయానికొస్తే, ఇంటి పనివారికి సంబంధించి చట్టం మనం అనుకున్నంత దూరం రాలేదు. కనీస వేతనాల జాబితాలో ఇంటి పనిని చేర్చిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి, కానీ నెలకు ఇంత అని నాలుగిళ్ళలో చేసే పనికి ఆ లెక్కను అన్వయించి అడిగినవారిని నా వృత్తిలో నేను చూడలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివారి కోసం 189వ ఒడంబడిక చేసింది. వారానికి ఏకధాటిగా కనీసం 24 గంటల విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉంది. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది గాని దానిని ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఇంటి పనివారి హక్కుల కోసం చట్టం అవసరమేమో పరిశీలించడానికి నిపుణుల సంఘాన్ని వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఇవన్నీ చెప్పడంలో నా ఉద్దేశం ఒక్కటే: ఏ చట్టం వచ్చినా మీ సింకులో ఎన్ని గిన్నెలు ఉండాలో అది చెప్పదు కాబట్టి, మీ ఇద్దరి మధ్య మాట స్పష్టంగా ఉండాలి. కాగితం మీద సంతకాలు అడగకండి, భయపడతారు. గోడ మీది క్యాలెండరు చాలు. నాగాలు, ఇచ్చిన డబ్బు, తేదీ, ఇద్దరికీ కనిపించేలా అక్కడే రాయండి. ముఖ్యంగా జీతం కాక ఇచ్చే ప్రతి రూపాయి అప్పా, అడ్వాన్సా, ఊరికే ఇచ్చిందా అన్నది ఇచ్చిన క్షణంలోనే నోటితో చెప్పండి. నేను చూసిన తగాదాల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంది.

కృష్ణలంక కూతురు
బాబాయిగారూ, ఆ 600 గురించి. టిక్కెట్టు లేకపోయినా ఆమె ఇంటి నుంచి మీ ఇంటికి దూరం తగ్గలేదు, పైగా పొద్దున పూట సిటీ బస్సుల్లో ఇప్పుడు కాలు పెట్టే చోటు ఉండదు. ప్రభుత్వం ఆమెకు మిగిల్చిన డబ్బును మీరు తీసుకున్నట్టు అయింది. ముఖం ముడుచుకోక ఏం చేస్తుంది?

భవానీపురం బాబాయి
బస్సు డబ్బులని మాత్రం మళ్ళీ ఇవ్వను, లేని ఖర్చు లేనిదే. అయితే మా ఆవిడ ఇదంతా చదివి నిన్నటి నుంచి నాతో సరిగా మాట్లాడడం లేదు కాబట్టి, వచ్చే నెల నుంచి ఆ 600 జీతంలో కలుపుతున్నాను. పిల్ల సంగతి వకీలుగారు చెప్పినట్టే.

బ్రాడీపేట మాస్టారు
బాబాయిగారి దారి వేరైనా గమ్యం ఒకటే. పటమట అమ్మాయీ, నువ్వు ఆవిడతో మాట్లాడేది పని మధ్యలో కాకుండా చూసుకో. చేతులు తడిగా ఉండి, తరువాతి ఇంటి టైము మీద ధ్యాస ఉన్న మనిషి దేనికైనా సరేనంటుంది. మీ అత్తగారు కూడా ఆ మాటల్లో ఉండడం మంచిది. లేకపోతే నువ్వు ఒప్పుకున్నది ఆమె మరునాడే ‘కాస్త’ అని కదిలిస్తుంది.

పటమట కోడలు
పది రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆవిడను ప్రత్యేకంగా రమ్మన్నాను. మాస్టారు చెప్పినట్టు అత్తయ్యగారిని కూడా కూర్చోబెట్టాను. కుర్చీలో కూర్చోమంటే ఆవిడ ఒప్పుకోలేదు, వంటింటి గడప దగ్గర కూర్చున్నారు, నేనూ టీ గ్లాసు పట్టుకుని కిందే కూర్చున్నాను. ‘నువ్వు సరిగా చేయడం లేదు’ అన్నచోట మొదలుపెట్టకుండా, “అక్కా, మా ఇంట్లో నీకు బాగా బరువనిపించే పని ఏది?” అని అడిగాను.

గిన్నెలని చెబుతారనుకున్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత అడిగారు: “వరదప్పుడు ఇచ్చిన పదివేలు అప్పా, సాయమా పాపా?”

దీని గురించి నేను ఇక్కడ ముందు రాయలేదు, నిజానికి మరిచిపోయాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆవిడ ఇంట్లో నడుముకు పైగా నీళ్ళు వచ్చాయి, బియ్యం, పరుపులు, టీవీ, పిల్లవాడి పుస్తకాలు అన్నీ పోయాయి. ప్రభుత్వం నుంచి 25,000 వచ్చే లోపలే మావారు 10,000 చేతిలో పెట్టారు. ఆయన ఊరికే ఇచ్చారు. అత్తయ్యగారు అడ్వాన్సు అనుకున్నారు. నేను ఏదీ అనుకోలేదు. ఆ తరువాత ఆవిడ నాగా పెట్టిన ప్రతిసారీ అత్తయ్యగారు, ‘అంత డబ్బు తీసుకుని’ అని గొణుగుతూ ఉండేవారట. ఆ మాట నా చెవిన పడలేదు, ఆవిడ చెవిన ఏడాదిన్నరగా పడుతోంది. అప్పు ఉన్న ఇంట్లో జీతం పెంచమని ఎలా అడుగుతానని ఆవిడ అన్నారు. వకీలుగారి మాట అప్పుడు గుర్తొచ్చింది. అది సాయమేనని మావారు అక్కడికక్కడే చెప్పారు. అత్తయ్యగారు ఏమీ మాట్లాడలేదు, కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా ఏమీ మాట్లాడలేదు.

ఆ తరువాత పనుల సంగతి తేలిగ్గానే జరిగింది. పాత లెక్క ప్రకారమే గంటకు 67 చొప్పున కట్టినా నెలకు 4,700 దాకా వస్తుంది కాబట్టి 4,800 అనుకున్నాం. మామయ్యగారి బాత్రూము ఆవిడ పనిలోంచి తీసేశాం, అది మావారూ నేనూ వంతులు వేసుకున్నాం. రాత్రి గిన్నెలు మేమే కడిగి నీళ్ళు పోసి పెడతాం. ఆదివారం విడిచి ఆదివారం సెలవు. నాగా పెట్టాలంటే ముందు రోజు రాత్రి ఎనిమిదిలోపు ఫోను. చుట్టాలు వస్తే అదనంగా పూటకు 150. మా బాత్రూము వాడుకోమని కూడా చెప్పాను. ఆవిడ నవ్వి తల వంచుకున్నారు గాని ఇంకా వాడలేదు.

అన్నీ కుదిరాయని చెప్పను. బుధవారం ఫోను లేకుండా నాగా పెట్టారు, అడిగితే ఫోనులో బ్యాలెన్సు లేదన్నారు. అత్తయ్యగారు శుక్రవారం ‘కాస్త’ అనబోయి నా వైపు చూసి ఆగిపోయారు. మంచాల కింద చీపురు ఇప్పటికీ సగం దాకానే వెళుతోంది.

గిన్నెల చప్పుడు కూడా తగ్గలేదు. ఇంకా కోపం ఉందేమోనని ఈ ఉదయం అడిగేశాను. మా వంటగది గట్టు ఆవిడకు ఎత్తు ఎక్కువట, పొట్టి మనిషి కావడంతో సింకు అడుగుకు చెయ్యి అందక గిన్నెలు పైనుంచే వదలాల్సి వస్తోందట, ఆరేళ్ళుగా ఇంతేనట. కాళ్ళ కింద వేయడానికి తడికి జారని చెక్క పీట చేసిపెట్టే వడ్రంగి పటమట వైపు ఎవరైనా తెలిస్తే చెప్పగలరు.